బీడులో ఒక్క గుడ్డు

మద్దిలేటి బాధల్లా దూరమే.

పక్షుల శాస్త్రం చదివి, చదివినదాన్ని కళ్ళతో చూసి నేర్చుకుందామని అతను దస్తగిరి సారు దగ్గర చేరాడు. చేరి ఏడాది దాటినా సారు అతన్ని ఏ పిట్ట దగ్గరికీ పోనివ్వలేదు. బీడుకు పడమటి అంచున చిన్న రాతిగుట్ట ఒకటుంది. పొద్దున్నే దాని మీదికెక్కి, మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, టెలిస్కోపు బిగించి, అక్కడే కూర్చోవాలి. అక్కడినుంచి ఏది కనబడితే అదే చదువు.

మద్దిలేటి కోడుమూరు దగ్గర పత్తి రైతు కొడుకు. మట్టిలో పుట్టి పెరిగినవాడికి కాలికి మన్నంటకుండా దూరాన కూర్చుని చూడటం చదువులా అనిపించేది కాదు. పైగా తన కళ్ళ మీద అతనికి నమ్మకం జాస్తి. తోటివాళ్ళు పుస్తకం తిరగేసే లోపల ఎగిరే పిట్టను చూసి పేరు చెప్పేవాడు. యూనివర్సిటీలో అతనికి ఆ పేరుంది. ఉందని అతనికీ తెలుసు.

దస్తగిరి సారు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో ఆయనకు ఫోన్లు చేసి సందేహాలు అడిగేవారు. ఆయన మాత్రం భార్య హుసేనమ్మతో గుమ్మళ్ళపల్లెలో ఒక మట్టిమిద్దెలో ఉండిపోయారు. ఆ ఊరి పక్కనే ఈ బీడు ఉంది. ఈ బీడులో ఒకప్పుడు బట్టమేక పిట్టలు తిరిగేవి. ఆయన ఇక్కడ ఉండిపోవడానికి కారణం అంతే.

బట్టమేక అంటే మనిషి నడుముదాకా వచ్చే పిట్ట. పొడుగాటి తెల్లని మెడ, నెత్తిన నల్లటోపీ పెట్టినట్టు ఈకలు. అది గడ్డిలో నడుస్తుంటే ఎవరో పెద్దమనిషి చేను చూసుకోవడానికి వచ్చినట్టు ఉంటుంది. ఒక కాలంలో ఈ సీమలో జొన్నచేలల్లో, శెనగచేలల్లో గుంపులుగా తిరిగేవట. కొన్నిటిని వేటగాళ్ళు తిన్నారు. బీళ్ళు దున్ని చేలు చేశారు. మిగిలినవాటిలో చాలా మటుకు కరెంటు తీగలకు తగిలి పోయాయి. ఒక కాన్పుకు ఒక్క గుడ్డే పెడుతుంది. గూడు కట్టదు, ఒట్టినేల మీద పెడుతుంది. ఇప్పుడు ఆ పిట్టను చూశామని చెప్పేవాళ్ళంతా ముసలివాళ్ళే.

ఆ ఏడు తొలకరి ముందే పడింది. బీడంతా గడ్డి లేచింది. ఒక పొద్దున సారుతో పాటు గుట్ట మీద ఉండగా, దూరంగా గడ్డిలోంచి తెల్లటి మెడ ఒకటి నిటారుగా లేవడం మద్దిలేటి చూశాడు. కొంగ అనుకున్నాడు. కాదు. గొంతు కింది తెల్లటి సంచి ఊదుకుని, తోక విసనకర్రలా విప్పి, ఆ మగ బట్టమేక నేలంతా తనదే అన్నట్టు నిలబడింది. మద్దిలేటి పక్కకు జరిగి సారుకు చోటిచ్చాడు.

సారు టెలిస్కోపులో చాలాసేపు చూశారు. తర్వాత లేచి, గుట్ట వెనక్కి పోయి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నారు. 

కొన్నాళ్ళు అట్లా తోక విప్పి ఆడి, మగపిట్ట ఎటో పోయింది. ఆ తర్వాత ఆడపిట్ట కనిపించసాగింది. చిన్నది, మట్టిరంగుది, గడ్డిలో కలిసిపోయేది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు మేతకు తిరిగేది. మిగతా పొద్దంతా మాయమయ్యేది. సారు అది ఎక్కడికో పోతోందనుకున్నారు. మద్దిలేటి మాత్రం అది ప్రతిసారీ ఒక రేగుపొదకు కుడిపక్కన తల వంచి, అక్కడే ఆగిపోతోందని గమనించాడు.

“పోవడం లేదు సార్. కూర్చుంటోంది. గుడ్డు పెట్టింది.”

సారు వంగి చూశారు. ఆయన కళ్ళకు ఆ పిట్ట దొరకడానికి సేపు పట్టింది. దొరికాక తలెత్తి, “నీ కళ్ళు మంచివి” అన్నారు.

ఏడాదిలో ఆయన నోటినుంచి వచ్చిన మెప్పు అదొక్కటే. మద్దిలేటి ఆ రోజంతా దాన్ని మోసుకు తిరిగాడు. సాయంత్రం హుసేనమ్మకు కూడా చెప్పుకున్నాడు. ఆమె నవ్వి ఇంకో రొట్టె వేసింది.

ఆ మెప్పు ఇచ్చిన చనువుతోనే మర్నాడు గుట్ట మీద అన్నం వేళకు అడిగాడు. గూడు దగ్గరికి మనిషి ఎంత దూరందాకా పోవచ్చు సార్, పుస్తకాల్లో ఒక్కొక్కరు ఒక్కో లెక్క రాశారు, మీ లెక్క ఏమిటి అని.

సారు తినమన్నట్టు చెయ్యి ఊపారు.

మద్దిలేటి జొన్నరొట్టె తుంచి ఎర్రకారం అద్దుకున్నాడు. ఇంతలో సారు లేచి వచ్చి అతని వెనకాల, వీపుకు మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా నిలబడ్డారు. మద్దిలేటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు గానీ నమలడం మరిచిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడు.

“ఏం సార్?”

“ఏం లేదు. తిను.”

తినబోయాడు. గొంతు దిగలేదు. సారు కొంచెం వెనక్కి జరిగారు. మద్దిలేటి ఒక ముద్ద మింగి మళ్ళీ తిరిగి చూశాడు. సారు ఇంకా జరిగారు. అట్లా జరుగుతూ జరుగుతూ గుట్ట దిగి ఎటో పోయారు. ఏదో పని మీద పోయారనుకుని మద్దిలేటి రొట్టె ముగించి, నీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుని, ఏదో పాట కూనిరాగం తీస్తుంటే, చాలా దూరంలో ఒక తుమ్మచెట్టు కింద నిలబడి సారు తననే చూస్తూ కనిపించారు. నిలబడే ఉన్నారు ఇంతసేపూ.

ఆయన తిరిగి వచ్చి కూర్చుని, “నేనున్నట్టు నువ్వు మరిచిపోయినావు చూడు, అంత దూరం” అన్నారు.

మద్దిలేటికి నవ్వొచ్చింది. బాగుందనుకున్నాడు. స్నేహితులకు చెప్పుకోవడానికి బాగుంటుందనుకున్నాడు. అంతకు మించి అనుకోలేదు.

బీడుకు అప్పటికే ఒక ముప్పు వచ్చి ఉంది. సోలార్ ప్లేట్లు పరచడానికి ఆ నేలంతా ఇవ్వాలని కాగితాలు నడుస్తున్నాయి. బట్టమేక పిట్టల నేల అని సారు అడ్డం రాశారు. పిట్ట ఇప్పుడు లేదు కదా అని అవతలివాళ్ళు తిరిగి రాశారు. ఉందో లేదో విని తేల్చమని ఒక కమిటీ వేశారు. కమిటీ మండలానికి వచ్చే తేదీ దగ్గరపడింది.

గుట్ట మీదినుంచి తీసిన ఫొటోల్లో పిట్ట ఒక గోధుమరంగు మచ్చ. మగపిట్ట ఆడిన రోజుల్లో పొద్దుటి మసకలో తీసిన బొమ్మలు ఇంకా నయం, తెల్లగా ఏదో ఉందని తెలుస్తుంది. అది బట్టమేకే అని తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. తెలియనివాళ్ళకు కొంగ అని చెప్పినా నడుస్తుంది. మద్దిలేటి ఆ ఫొటోలు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నిద్ర పట్టక, పొద్దున్నే సారు ముందు కూర్చున్నాడు.

“గుడ్డు ఫొటో ఒక్కటి చాలు సార్. ఇంకెవరూ నోరెత్తరు.”

“గుడ్డు పిల్ల కానియ్యి. పిల్ల తల్లి వెనకాల నడుస్తాది. గుట్ట మీదినుంచే తీద్దువు.”

“అంతలోపల కమిటీ వచ్చి పోతాది సార్.”

“వస్తే పోయి చెప్తాం. చూసినామని చెప్తాం.”

“చూసినామంటే నమ్ముతారా?”

 

“వద్దు, మద్దిలేటీ” అన్నారు సారు చివరికి.

ఎందుకు వద్దో చెప్పలేదు. మద్దిలేటి సరే అన్నాడు. అన్నాడు గానీ అతని మనసు ఒప్పుకోలేదు. ఈ ముసలాయన మంచితనం బీడును నిలబెట్టదు అనుకున్నాడు. పిట్ట బతకాలంటే ముందు నేల మిగలాలి, నేల మిగలాలంటే ఎవరో ఒకరు నాలుగడుగులు ముందుకు వెయ్యాలి అనుకున్నాడు. ఆ ఆలోచనలో తప్పేమీ అతనికి కనబడలేదు. చాలాకాలం తర్వాత కూడా అతను దాన్ని పూర్తిగా తప్పనలేకపోయాడు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆ వారంలోనే సారు కంటి శుక్లాలు చూపించుకోవడానికి కర్నూలు పోవలసి వచ్చింది. తొలి బస్సుకు పోయి సాయంత్రానికి వస్తానన్నారు. మద్దిలేటి ఆయన్ను బస్సెక్కించి గుట్ట మీదికి వచ్చాడు. ఎండ బాగా ఎక్కేదాకా కూర్చున్నాడు. తర్వాత కెమెరా మెడలో వేసుకుని గుట్ట దిగాడు.

వంగి నడిచాడు. గాలికి ఎదురుగా నడిచాడు. అతనికి తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు. దూరంగా కరెంటు స్తంభం మీద కాకులు కూర్చుని ఉన్నాయి. కాకులు లేని చోటెక్కడుంది, పట్టించుకోలేదు. రేగుపొద దగ్గరయ్యేసరికి మోకాళ్ళ మీదికి దిగాడు. పల్లేరుకాయలు అరచేతుల్లో గుచ్చుకున్నాయి. గడ్డి పక్కకు జరిపి చూస్తే, నాలుగు బారల అవతల పిట్ట ఉంది.

నేలకు అతుక్కుని, మెడ చాపి, కదలకుండా ఉంది. ఒక కన్ను ఇటువైపు ఉంది. ఆ కంటి చుట్టూ ఉన్న సన్నటి చర్మం, రెప్ప పైకి లేవడం, మెడ కింద గుండె కొట్టుకోవడం అతనికి కనబడ్డాయి. గుట్ట మీదినుంచి ఇన్నాళ్ళూ చూసింది ఈ పిట్టనేనా అనిపించింది. తన జన్మలో ఇంత అందమైనది చూడలేదనిపించింది. కెమెరా ఎత్తాడు.

పిట్ట లేచింది. ముందు తల దించుకుని గడ్డిలో పరిగెత్తింది, తర్వాత బరువుగా రెక్కలు కొట్టుకుంటూ గాల్లోకి లేచి, దూరంగా పోయి దిగింది.

నేల మీద గుడ్డు ఉంది. పచ్చా గోధుమా కలిసిన రంగు, పైన ముదురు మచ్చలు. పక్కన నాలుగు గడ్డిపరకలు తప్ప ఏమీ లేదు. మద్దిలేటి ఫొటో తీశాడు. కొలత తెలియాలని పక్కన తన పెన్ను పెట్టి ఇంకోటి తీశాడు. పెన్ను తీసుకునేటప్పుడు వేలి కొసతో గుడ్డును తాకాడు. వెచ్చగా ఉంది. కారణమేమీ లేదు, తాకాలనిపించింది, తాకాడు.

తర్వాత వచ్చిన దారినే త్వరత్వరగా వెనక్కి నడిచాడు. తాను దూరమైతే పిట్ట తిరిగి వచ్చి కూర్చుంటుంది. అట్లాగే వస్తుంది, పుస్తకాల్లో ఉంది. గుట్ట ఇంకా సగం దూరంలో ఉండగా వెనకాల కాకి అరిచింది.

తిరిగి చూశాడు. రేగుపొద పక్కన నల్లగా ఏదో దిగింది. దాని వెంట ఇంకొకటి దిగింది. అవి పిట్ట లేచిన చోటు చూశాయి. అతను కూర్చున్న చోటు చూశాయి. మద్దిలేటి పరిగెత్తాడు. పెద్దగా అరుస్తూ, చేతికి దొరికిన రాయల్లా విసురుతూ పరిగెత్తాడు. బట్టమేక కూడా అవతలి వైపునుంచి రెక్కలు చాపి పరిగెత్తుకు వస్తోంది. అతన్ని చూసి ఆగిపోయింది. కాకుల మీదికి రాబోయిన తల్లి, అతనికి భయపడి ఆగిపోయింది.

అతను చేరేసరికి పెంకులున్నాయి. నేల తడిగా ఉంది.

సాయంత్రం బస్సుకు సారు నల్లద్దాలు పెట్టుకుని దిగారు. మద్దిలేటి అరుగు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఏమని మొదలుపెట్టాలో ఇంతసేపూ కూడబలుక్కున్నదంతా మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పాడు. సారు అడ్డం రాకుండా విన్నారు. నల్లద్దాల వెనక కళ్ళు కనబడలేదు.

“ఫొటో వచ్చిందా?” అని అడిగారు.

“వచ్చింది సార్.”

“బాగా వచ్చిందా?”

“బాగా వచ్చింది సార్.”

సారు తల ఊపి, కాళ్ళు కడుక్కోవడానికి గాబు దగ్గరికి పోయారు. తిట్టి ఉంటే బాగుండేదని మద్దిలేటి అనుకున్నాడు. ఆ రాత్రి హుసేనమ్మ అతనికి అన్నం పెట్టి, తినే దాకా ఎదురుగా కూర్చుంది. 

తెల్లారి సారు ఎప్పటిలాగే గుట్టకు బయలుదేరారు. మద్దిలేటి స్టాండు మోసుకుని వెనకాల నడిచాడు. పైకెక్కాక టెలిస్కోపు బిగించి, అలవాటు కొద్దీ సారుకు చోటిచ్చాడు. సారు కూర్చోలేదు.

“కంట్లో మందు వేసినారు. చూడొద్దన్నాడు డాక్టరు. నువ్వు చూసి చెప్పు” అని పక్కన రాయి మీద, బీడుకు వీపు పెట్టి కూర్చున్నారు.

చూడటానికి ఏముందని మద్దిలేటికి అర్థం కాలేదు. కన్ను ఆనించాడు. రేగుపొద వెతికాడు. దానికి కుడిపక్కన గడ్డిలో మట్టిరంగు వీపు కనబడింది.

“ఉంది సార్.”

“ఏం చేస్తాంది?”

“కూర్చుంది.”

“ఎక్కడ?”

“అక్కడే సార్.”

పొద్దు పైకి వచ్చింది. పిట్ట మేతకు కూడా లేవలేదు. నిన్న పోగొట్టుకున్న పొద్దు తీర్చడానికన్నట్టు కదలకుండా కూర్చుంది. కాసేపటికొకసారి సారు అడిగేవారు, మద్దిలేటి చూసింది చెప్పేవాడు. తల తిప్పింది సార్. ఈకలు సర్దుకుంది సార్. గద్ద పోతుంటే తల దించింది సార్. చెప్పడం కష్టంగా లేదు మొదట్లో.

ఎండ నెత్తికెక్కాక పిట్ట లేచి నిలబడింది.

“ఇప్పుడు?”

“లేచింది సార్. పోవడంలేదు. నిలబడి రెక్కలు రెండూ కొంచెం కిందికి దించింది.”

“ఎండకేనా?”

“నీడ పడుతోంది సార్ కింద.” మద్దిలేటి ఆగాడు. “గుడ్డుకు ఎండ తగలకుండా.”

గుట్ట మీద గాలి లేదు. రాళ్ళు కాలుతున్నాయి. పిట్ట నోరు తెరుచుకుని రొప్పుతూ, తన నీడను ఒట్టినేల మీద సరిగ్గా పడేట్టు పొద్దుతో పాటు కొంచెం కొంచెంగా జరుగుతోంది.

“చెప్పు నాయనా.”

“నిలబడే ఉంది సార్.”

“తర్వాత?”

“వంగింది. ముక్కుతో నేల మీద...” అతను కన్ను తీయబోయాడు. తీయలేకపోయాడు. “ముక్కుతో తిప్పుతోంది సార్. గుడ్డును తిప్పినట్టు తిప్పుతోంది.”

సారు ఆ తర్వాత అడగడం మానేశారు. మద్దిలేటి చెప్పడం మానలేదు. ఎవరూ అడక్కుండానే చెబుతూ పోయాడు. కూర్చుంది సార్. మళ్ళీ లేచింది సార్. రొట్టెల మూట విప్పకుండానే పొద్దు వాలింది.

నీడలు సాగే వేళకు పిట్ట లేచి రెండడుగులు వేసింది. నేలను ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి చూసింది. రేగుపొద చుట్టూ ఒకసారి తిరిగివచ్చింది. తర్వాత మెడ నిటారుగా ఎత్తి, కాస్త దూరం నడిచి, ఎగిరింది.

“పోయింది సార్.”

“ఎటు?”

“తూర్పుకు.”

“తీగలు దాటిందా?”

మద్దిలేటి టెలిస్కోపు తిప్పి చూశాడు. బరువైన రెక్కలు స్తంభాల వరస దగ్గరపడుతుంటే ఊపిరి బిగబట్టాడు.

“దాటింది సార్.”

“సరే” అన్నారు సారు. లేచి నడుము పట్టుకుని నిలబడ్డారు. స్టాండు మద్దిలేటి చేత మడవనివ్వకుండా తానే మడిచారు. గుట్ట దిగేటప్పుడు, ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండా అన్నారు.

“నిన్న నేను కర్నూలు పోకుండా ఉండాల్సింది.”

మద్దిలేటికి ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

కమిటీ వచ్చే ముందురోజు అతను ఫొటో చేత్తో పట్టుకుని సారు దగ్గరికి పోయాడు. దీన్ని ఏం చేయమంటారని అడిగాడు. చింపేయమంటే చింపేస్తానన్నాడు. చూపించి ఊరుకుంటే బీడు మిగలొచ్చు. గుడ్డు పోయిన సంగతి చెబితే పిట్ట కూడా పోయిందని అవతలివాళ్ళు అంటారు. దేనికీ అతనికి మనసొప్పడం లేదు.

“చూపించు. అడిగితే జరిగింది చెప్పు” అన్నారు సారు. మద్దిలేటి గడప దాటబోతుంటే మళ్ళీ పిలిచి, “అడక్కపోయినా చెప్పు” అన్నారు.

మండలాఫీసులో గది నిండా జనం ఉన్నారు. ఫొటో చేతులు మారింది. కమిటీ పెద్ద, తలపండిన మనిషి, అద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు. ఇలాంటి ఫొటో ఈ ప్రాంతంనుంచి చూసి ఎన్నేళ్ళయిందో అన్నాడు. తీసింది ఎవరని అడిగి, మద్దిలేటిని మెచ్చుకున్నాడు. ఇది ఎప్పటికి పిల్ల అవుతుందని ఎవరో ఉత్సాహంగా అడిగారు.

“కాదు సార్” అన్నాడు మద్దిలేటి. “నేను దగ్గరికి పోయినాను. తల్లి లేచింది. కాకులు తిన్నాయి. ఫొటో తీసిన కాసేపటికే పోయింది సార్.”

వెనక వరసలో ఎవరో చిన్నగా నవ్వి ఆపుకున్నారు. కమిటీ పెద్ద ఫొటోను బల్ల మీద బోర్లా పెట్టాడు. ఎందుకట్లా పెట్టాడో ఆయనకే తెలియాలి. మద్దిలేటి దాన్ని తిరిగి అడక్కుండానే బయటికి వచ్చాడు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. రేగుపొద ఉన్న వైపు బీడు వదిలిపెట్టి, మిగతాది ప్లేట్లకిచ్చారు. ఊళ్ళోవాళ్ళు ఆ ఫొటో వల్లే ఈ మాత్రం మిగిలిందన్నారు. భుజం తట్టారు. ఫొటో లేకపోతే ఏమయ్యేదో, అంతా పోయేదో, పిల్ల నడిచి ఉంటే అంతా మిగిలేదో, మద్దిలేటి ఎన్నోసార్లు అనుకుని ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఎవరైనా భుజం తడితే పక్కకు జరిగేవాడు.

ఒకరోజు సంచి సర్దుకుని సారు ముందు నిలబడ్డాడు. ఈ పనికి నేను పనికిరాను, ఇంటికి పోయి పత్తి వేసుకుంటానన్నాడు. సారు సంచిని చూశారు. అతన్ని చూశారు. ఆకాశం చూశారు.

“రేపు మబ్బు పట్టేట్టుంది. గుట్ట మీదికి కొంచెం తొందరగా పోవాల” అన్నారు.

మద్దిలేటి ఉండిపోయాడు.

ఆ ఆడపిట్ట మళ్ళీ రాలేదు. ఇంకో పిట్ట కూడా రాలేదు. దక్షిణాన ప్లేట్లు ఎండకు చెరువులా మెరిసేవి. వాటి వెంబడి కొత్త స్తంభాలు, కొత్త తీగలు వచ్చాయి. ఈ వైపు గడ్డి మాత్రం ప్రతి తొలకరికీ బాగా లేచేది. ఎవరూ దున్నలేదు. కంచె వేశారు, కుక్కలు రాకుండా చేశారు, రేగుపొద చుట్టూ రాళ్ళేరి పెట్టారు. బట్టమేకకు కావలసినవన్నీ అక్కడున్నాయి.

మద్దిలేటి పేరుకు ముందు డాక్టరు చేరింది. అతను వేరే ఊళ్ళో కాలేజీలో చేరినా తొలకరి పడగానే సెలవు పెట్టి గుమ్మళ్ళపల్లెకు వచ్చేవాడు. హుసేనమ్మ పోయింది. సారు కళ్ళు మసకబారాయి. ఆయన్ను చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కించేవాడు. ఏ పిట్టలు ఎన్ని కనబడితే అన్ని పైకి చెప్పేవాడు. భరతపక్షులు, పూరేళ్ళు, ఒకసారి ఒక జత నక్కలు. బట్టమేక వంతు వచ్చేసరికి, లేదు సార్ అనేవాడు.

ఒక తొలకరి పొద్దున, అన్నీ చెప్పి, లేదు సార్ అన్నాక, మద్దిలేటి టెలిస్కోపునుంచి తల తీసి సారు వైపు తిరిగాడు. ఆయన కనబడని బీడు వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నారు. ఎన్నేళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాడు.

“ఒక్కటి కూడా రాలేదు కదా సార్. ఇంకా ఏం చూస్తున్నాం మనం?”

సారు కాసేపు గాలి విన్నారు.

“రాలేదని కూడా ఎవరో ఒకరు చూడాల కదా, నాయనా.”